విజయపురి ప్రేక్షాగారం – దాని చుట్టూ ఉండిన పట్టణం

ఈ మధ్య నగరాభివృద్ధిని గురించి వచ్చే వార్తలలో ఒక మాట తరచుగా కనబడుతున్నది. క్రీడామైదానం ఒక్కటే కడితే చాలదట. దాని చుట్టూ అంగళ్ళు, భోజనశాలలు, వసతిగృహాలు, కార్యాలయాలు, పాటకచ్చేరీల వేదికలు, నివాసాలు అన్నీ కలిపి ఒక పేటగా నిర్మించాలట. ఆట ఉన్న రోజున నాలుగు గంటలు కళకళలాడి తక్కిన రోజులలో బోసిగా పడివుండే మైదానం మీద పెట్టిన డబ్బు తిరిగిరాదు గనుక, ఏడాది పొడుగునా జనం మసలే చోటును దానికి జత చేయాలని వారి లెక్క. అమెరికాలో మన తెలుగువారు విస్తారంగా స్థిరపడిన అట్లాంటా శివారులో, నేడు ట్రూయిస్ట్ పార్క్ అని పిలిచే బేస్‌బాల్ మైదానాన్నీ, దానిని ఆనుకొని ‘బ్యాటరీ’ అనే వినోదపు పేటనూ 2017లో తెరిచారు. ఇప్పుడు మన దేశంలో కొత్త మైదానం మాట ఎత్తిన ప్రతివారూ ఇటువంటి నమూనాలనే ఎదుట పెట్టుకుంటున్నారు.

ఇది కొత్త ఆలోచన అంటే మాత్రం నేను ఒప్పుకోలేను. మిర్యాలగూడ నుండి బస్సెక్కితే రెండు గంటల లోపల చేరగలిగిన నాగార్జునసాగరంలో, నీటి అడుగున, ఇటువంటి పట్టణం ఒకటి ఉన్నది. పదిహేడు వందల ఏండ్ల నాటిది. దాని నడుమ నాలుగు వైపులా మెట్లు కట్టిన ప్రేక్షాగారం ఉండేది. ఆ ఒక్క కట్టడాన్ని మాత్రం నీటి పాలు కాకుండా పైకి తెచ్చి అనుపులో నిలబెట్టారు. చదువరులలో చాలామంది దానిని చూసే ఉంటారు. దానిని చూసినవారు ఎక్కువ, దాని చుట్టూ ఏమి ఉండేదో తలపోసినవారు తక్కువ. ఈ వ్యాసం ఆ రెండవ సంగతిని గురించి.

ముందుగా మాటల సంగతి. తెలుగు పండితుడిగా ముప్పై ఏండ్లకు పైగా పనిచేసిన వాడిని గనుక మాట పట్టుకోనిదే విషయంలోకి పోవడం నాకు చేతకాదు. ‘స్టేడియం’ అన్నది గ్రీకుల కొలత. ఆరువందల అడుగుల పరుగుబాటకు ఆ పేరుండేది, తరువాత ఆ బాట ఉన్న చోటికే పేరైనది. ‘ఆంఫిథియేటర్’ అంటే ఇరువైపులా కూర్చుండి చూసే చోటు. మనకు ‘ప్రేక్షాగారం’, ‘రంగం’ అన్నవి సంస్కృతం నుండి వచ్చినవి. ‘గోదా’ మన మల్లుల మాట. సాము నేర్పే చోటు ‘గరిడి’. వీటన్నింటికన్నా ఆశ్చర్యకరమైనది ‘సమాజం’. ఈ రోజు మనం సంఘం అనే అర్థంలో వాడే ఈ మాటకు ప్రాచీనకాలంలో జనం గుమిగూడి ఆటపాటలు, మల్లయుద్ధాలు, జంతువుల పోట్లాటలు చూసే ఉత్సవం అని అర్థం. అశోకుడు తన మొదటి శిలాశాసనంలో ఈ సమాజాలను చేయరాదన్నాడు. వాటిలో చాలా దోషం చూస్తున్నానన్నాడు. కొన్ని సమాజాలు మాత్రం మంచివేనని ఒక మినహాయింపు కూడా ఇచ్చాడు. ఆ శాసనం ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ ఉన్నది. అంటే మన నేల మీద వినోదాన్ని గురించి దొరికే అత్యంత ప్రాచీనమైన రాజాజ్ఞలలో ఒకటి నిషేధాజ్ఞ అన్నమాట.

నిషేధం నిలవలేదు. కళింగాన్నేలిన ఖారవేలుడు తన ఏలుబడి మూడవ ఏట నృత్యగీతవాద్యాలతో, ఉత్సవసమాజాలతో రాజధానిని అలరించానని హాథీగుంఫాలో చెక్కించుకొన్నాడు. గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని పొగుడుతూ అతడు ఉత్సవాలను, సమాజాలను జరిపించినవాడని కూడా చెప్పింది. శత్రువులను గెలవడం ఎంత గొప్పో, జనానికి వేడుక చేయడం అంత గొప్ప అయినది. ఆ శాతవాహనులకు వారసులుగా కృష్ణాతీరంలో నిలిచినవారు ఇక్ష్వాకులు. వారి రాజధాని విజయపురి.

ఇక్ష్వాకులు సుమారు క్రీ.శ. 225 నుండి నూరేండ్లు ఏలారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. శాసనాలలోని ప్రాకృతరూపం ‘చాంతమూల’ అని. ఇంతటి నగరం మన కాలానికి తెలిసిన తీరు కూడా చెప్పుకోదగినది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆపై శాసనపరిశోధన కార్యాలయంలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. మహారాజులు, ప్రభుత్వాలు కాదు, ఒక బడిపంతులు కంటిచూపు వలన ఈ కథ మొదలైనదని నా విద్యార్థులకు ప్రతి ఏడూ చెప్పేవాడిని. అందులో నాకు కొంత స్వార్థం లేకపోలేదు. 1927 నుండి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1954లో, ఆనకట్ట కట్టడం తప్పదని తేలిన తరువాత, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ మొత్తాన్ని తవ్వే పని మొదలై 1960 దాకా సాగింది. ప్రేక్షాగారం సంగతి, పట్టణపు వీథుల సంగతి, ఇండ్ల సంగతి లోకానికి తెలిసింది ప్రధానంగా ఈ చివరి తవ్వకాల వలననే.

మూడు వైపులా కొండలు, నాలుగవ వైపు కృష్ణ. నది పక్కన కోట. కోటలో రాజగృహాలు, సైనికుల కొట్టాలు, శాంతమూలుడు చేసిన అశ్వమేధానికి సంబంధించినవని పురావస్తువేత్తలు గుర్తించిన తొట్లు. నదికి దిగడానికి రాతిపలకలు పరిచిన విశాలమైన స్నానఘట్టం. ఒడ్డున ఆలయాలు. కొండల వైపు ముప్పైకి పైగా బౌద్ధారామాలు. వీటి నడుమ, ఒక గుట్ట వాలును ఆసరా చేసుకొని, ప్రేక్షాగారం.

దాని నిర్మాణం సులభమైనది. నడుమ చదునైన దీర్ఘచతురస్రపు రంగం. సుమారు యాభై అడుగుల పొడవుంటుంది, అంతే. నాలుగు వైపులా ఒకదానిమీద ఒకటిగా లేచిన మెట్లు, ఇటుకతో కట్టి పల్నాటి నాపరాళ్ళు వాడినవి. పైన గుట్ట మీద హారీతీ ఆలయం. ఆలయానికి పోవడానికి మెట్లదారి. ఇంత చిన్న రంగంలో గుర్రప్పందెం జరగదు, రథాలు తిరగవు. ఒక జత మల్లులకు, ఒక కత్తిసాముకు, ఒక నర్తకీబృందానికి, పొట్టేళ్ళ పోట్లాటకు సరిపోతుంది.

ఇది రోమనుల అనుకరణ అని చాలామంది రాశారు. విజయపురికి రోముతో సంబంధం లేదని కాదు. రోమను బంగారు నాణేలు ఇక్కడ దొరికాయి. కోట ప్రాంతంలో దొరికిన శిల్పాలలో శకుల వేషంలో అంగీ, టోపీ ధరించిన భటులున్నారు. చేత పానపు కొమ్ము పట్టుకొని, పక్కన మద్యభాండంతో నిలిచిన గడ్డపు మనిషి ఒకడున్నాడు, అతడిని గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌తో పోల్చారు. కాబట్టి అటువంటి ఆటస్థలాల కబుర్లు సముద్రం దాటి రావడం అసాధ్యమేమీ కాదు. అయినా రోమనుల ఆంఫిథియేటర్ అండాకారంలో ఉంటుంది, ఇది కోణాలు తీర్చినది. దీనికి పోలిక వెదకడానికి మధ్యధరా సముద్రం దాకా పోనక్కరలేదని నా అభిప్రాయం. ఈ నగరంలోనే రాతిపలకలతో కట్టిన మెట్ల కోనేళ్ళున్నాయి. నలువైపులా మెట్లు, నడుమ చదును. కోనేటిలో నీరు తీసివేస్తే మిగిలేది ఈ ప్రేక్షాగారమే. కోనేళ్ళు కట్టిన పనివాళ్ళకు దీనిని కట్టడానికి పరదేశి గురువు అవసరం ఉండదు.

మరి ఇది నాటకశాలా, ఆటస్థలమా? భరతుని నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో నాట్యగృహాల కొలతలున్నాయి. మనుషులకు తగినది అరవై నాలుగు హస్తాల పొడవు, ముప్పై రెండు హస్తాల వెడల్పు గలదని భరతుడు చెప్పి, అంతకు మించితే మాట స్పష్టంగా వినపడదు, ముఖంలోని భావం కనపడదు అని కారణం కూడా చెప్పాడు. అయితే ఆ నాట్యగృహం పైకప్పు గలది; రంగం ఒక పక్క, ప్రేక్షకులు ఒక పక్క; వెనుక నేపథ్యం. విజయపురిలో నాలుగు వైపులా జనమే. నటుడు ఎవరికి ముఖం చూపినా ఇంకొకరికి వీపు చూపుతాడు. నాలుగు వైపుల నుండి చూడదగినది కుస్తీ, సాము, గుంపు నృత్యం. కనుక ప్రధానంగా ఇది పోటీలకు, ప్రదర్శనలకు ఏర్పడిన చోటనే నేను అనుకొంటాను. పండితులలో ఇతర అభిప్రాయాలు గలవారున్నారు. వారితో నాకు పేచీ లేదు, ఒకే చోట అన్నీ జరిగివుండవచ్చు.

హారీతీ సంగతి ఇక్కడ ముఖ్యం. ఈమె మొదట పసిపిల్లలను తినే యక్షిణి. బుద్ధుడు ఆమె సొంత బిడ్డను దాచి కన్నపేగు బాధ తెలియజెప్పగా మారి పిల్లలను కాచే తల్లి అయినదని బౌద్ధుల కథ. ఆరామాలలో ఈమె ప్రతిమకు అన్నం పెట్టే ఆచారం ఉండేదని ఏడవ శతాబ్దంలో చీనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. పిల్లల కోసం మొక్కుకొనే తల్లులు ఎక్కివచ్చే గుడి కింద జనం ఆటలు చూసే చోటు ఉండడం నేటివారికి వింతగా తోచవచ్చు. మా సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఒకసారి పోయినవారికి వింతగా తోచదు. గుట్టపైన దేవుడు, గుట్ట కింద అంగళ్ళు, రంగులరాట్నం, ఆటలు. వాత్స్యాయనుడు కామసూత్రంలో నాగరకుని దినచర్య చెబుతూ, పక్షానికో మాసానికో ఒక నియమితమైన రోజున సరస్వతీభవనంలో సమాజం జరగాలనీ, పొరుగూళ్ళ నుండి వచ్చిన ఆటగాళ్ళు ప్రదర్శన ఇవ్వాలనీ, మరునాడు వారికి సత్కారం అందాలనీ రాశాడు. గుడి, వేదిక, తిరుగుడు బృందాలు, వారికిచ్చే సొమ్ము, ముందే తెలిసిన తేదీ: ఈ కాలపు వ్యాపారులు కొత్తగా కనిపెట్టామనుకొంటున్న దానిలో సగం ఆ నాలుగు సూత్రాలలో ఉన్నది.

మిగిలిన సగం అంగళ్ళు. తవ్వకాలలో ఇండ్ల వరుసలు, సందులు బయటపడ్డాయి. ఒక కంసాలి పనిచోటు దొరికింది. మూసలు, నగల అచ్చులు, గీటురాయి అందులో ఉన్నవి. అంతకన్నా నన్ను ఆకట్టుకొన్నది ఇక్ష్వాకుల కాలపు ఒక దానశాసనం. ఒక ధర్మసంస్థ నిర్వహణకై శాశ్వతనిధి, అంటే అక్షయనీవి, ఏర్పాటు చేసి, ఆ సొమ్మును వృత్తిసంఘాల దగ్గర ఉంచారు. ఆ శ్రేణులలో ఒకటి తమలపాకులవారిది, ఒకటి ‘పూవికుల’ది అని పండితులు అర్థం చెప్పారు. పూవికులంటే అపూపాలు చేసేవారు. ‘అపూపం’ నుండి మన ‘అప్పం’ వచ్చింది. అప్పాలవారూ ఆకులవారూ ఒక్కొక్కరుగా వీథిలో తిరిగే బీదలు కారు. రాజకుటుంబాల సొమ్మును నమ్మి దాచుకోదగినంత బలమైన సంఘాలుగా ఉన్నారు! ఆకువక్కలూ అప్పాలూ ఎవరు కొంటారు? ఆరామాలలోని భిక్షువులు కొనరు. గుళ్ళకు వచ్చినవారు, ఘట్టంలో స్నానం చేసి వచ్చినవారు, మెట్లమీద కూర్చుని ఆట చూసేవారు కొంటారు. ఒక సంఘానికి బ్యాంకుగా వ్యవహరించగలిగినంత రాబడి చిరుతిండ్ల మీద రావాలంటే ఆ పట్టణంలో ఎంత జనం మసలి ఉండాలి!

ఆ జనం ఎక్కడివారో కూడా శాసనాలు చెబుతాయి. వీరపురుషదత్తుని పద్నాలుగవ ఏట ఉపాసిక బోధిశ్రీ చెక్కించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి వంటి దేశాల పేర్లు వరుసగా వస్తాయి. సింహళ భిక్షువులకు ఇక్కడ ప్రత్యేకంగా విహారం ఉండేది. ఆభీర వసుసేనుని ముప్పైయవ ఏటి శాసనంలో, కొండమీద అష్టభుజస్వామిని ప్రతిష్ఠించిన వారిలో సంజయపురి యవనరాజులు, అవంతి శకరుద్రదాముడు, వనవాసి శాతకర్ణి కనబడతారు. ఎహువల శాంతమూలుని పదకొండవ ఏట ఏలిశ్రీ అనే సేనాపతి సర్వదేవాలయం కట్టించాడు. పుష్పభద్రస్వామి ఆలయం, కార్తికేయ ఆలయం వేరే. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తే రాణులు, రాజకుటుంబపు స్త్రీలు చైత్యాలు కట్టించారు. ఒకే వీథిలో ఒకడు శివుని చూసి, ఇంకొకడు చైత్యానికి ప్రదక్షిణం చేసి, ఇద్దరూ సాయంకాలం ఒకే మెట్టుమీద కూర్చుని ఉంటారని ఊహిస్తే తప్పు పట్టనక్కరలేదు.

ఇంకొక వైపు కూడా చెప్పాలి. వినోదానికి చోటు చూపే ముందు కౌటిల్యుడు చాలా ఆలోచించినవాడు. కొత్తగా జనపదాన్ని నెలకొల్పేటప్పుడు పల్లెలలో విహారానికై ఉద్యానాలు, శాలలు ఉండకూడదని అర్థశాస్త్రం రెండవ అధికరణం. నటులు, నర్తకులు, గాయకులు, కథలవారు పోయి రైతుల పనికి విఘ్నం చేయకూడదు. కారణం ధర్మం కాదు, ధాన్యం. పల్లె పండించాలి, ఖజానా నిండాలి. అంటే వినోదం పట్టణానికే, పల్లెకు పని. ఈ విభజన నాకు నచ్చదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: చేను తీసి ఆటస్థలం చేసేటప్పుడు ఆ చేను మీద బతికినవాడు ఏమవుతాడన్న లెక్క కౌటిల్యుని దగ్గర ఉన్నది, నేటి ప్రణాళికలలో అది చివరి పుటలో ఉంటుంది.

రోము సంగతి ఎత్తాను గనుక రెండు ముక్కలు. సర్కస్ మాక్సిమస్ అనే రథాల పందెపుస్థలాన్ని ఆనుకొని వరుసగా దుకాణాలుండేవి. క్రీ.శ. 64లో రోమును కాల్చివేసిన మహాగ్ని, మండే సరుకులున్న ఆ దుకాణాలలోనే పుట్టిందని టాసిటస్ రాశాడు. అంతకు ముందు క్రీ.శ. 27లో రోముకు సమీపంలోని ఫిదేనే పట్టణంలో ఒకడు లాభాపేక్షతో, గట్టి పునాది లేకుండా, కొయ్యతో ప్రేక్షాగారం కట్టి కత్తియుద్ధాలు పెట్టించగా అది జనంతో సహా కూలింది. చచ్చినవారు, అవిటివారైనవారు కలిసి యాభైవేలని అతడే రాశాడు. ఆపైన రోము పెద్దల సభ రెండు కట్టుబాట్లు చేసింది. నాలుగు లక్షల సెస్టర్షియస్‌ల ఆస్తి లేనివాడు ప్రదర్శన పెట్టరాదు. నేల గట్టిదని పరీక్షించనిదే ప్రేక్షాగారం కట్టరాదు.

ఇది చదివినప్పుడు నాకు మా సూర్యాపేట గుర్తుకు వచ్చింది. 2021 మార్చి 22న అక్కడ 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభపు సాయంత్రం తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ ఒకటి జనం బరువుకు ఒరిగి కూలింది. సుమారు వందమంది గాయపడ్డారు. కబడ్డీ అంటే మా జిల్లాలలో ప్రాణం పెడతారు. ఇసుకవేస్తే రాలనంత జనం వస్తారు. అంత జనం వచ్చే ఆటకు నిలకడైన మెట్లు లేకపోవడం, పోటీ వచ్చినప్పుడల్లా కొయ్యలు, ఇనుపగొట్టాలు కట్టి విప్పడం, ఇది మన ప్రాంతపు పరిస్థితి. అక్కడికి అరవై మైళ్ళ లోపలే, అదే కృష్ణాపరీవాహకంలో, మూడవ శతాబ్దంలోనే నాపరాతి మెట్లు వేశారు.

ఇక నీటి కథ. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువకు జవహర్, ఎడమకాలువకు లాల్ బహదూర్ అని పేర్లు. ఎడమకాలువ నీళ్ళు వచ్చిన తరువాతనే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరిపొలాలయ్యాయి. మిర్యాలగూడ వీథుల నిండా బియ్యం మిల్లులు వెలిశాయి. నా బడికి వచ్చిన పిల్లలలో ఎందరి ఫీజులో ఆ నీటి పంటతో కట్టినవే. కాబట్టి విజయపురి మునిగిందని కంటతడి పెట్టే ముందు, ఆ మునకమీద పండిన అన్నమే నేను యాభై ఏండ్లుగా తింటున్నానని మరచిపోను. లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్ళవారు ఇల్లూవాకిలీ వదలి లేచిపోయారు. పురాతన నగరానికి మ్యూజియం వచ్చింది, ఆ ఊళ్ళకు రాలేదు.

అన్నింటినీ కాపాడడం సాధ్యం కాదు. కొన్నింటిని విడదీసి, రాళ్ళూ ఇటుకలూ పైకి తెచ్చి, నాగార్జునకొండ శిఖరం మీద, తూర్పు ఒడ్డున అనుపులో తిరిగి కూర్చారు. కొండ మీదికి మహాచైత్యం, స్నానఘట్టం వంటివి పోయాయి. అనుపుకు ప్రేక్షాగారం, హారీతీ ఆలయం, ఒక విహారం వచ్చాయి. ఆలయాన్ని ప్రేక్షాగారాన్ని విడదీయకుండా ఒకే చోటికి తెచ్చినవారికి ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. ఆ పని చేయకపోయి ఉంటే, ఇంతసేపు నేను చెప్పిన గుడికీ ఆటకూ ఉన్న సంబంధం పుస్తకాలలో తప్ప కంటికి కనబడేది కాదు.

అయినా ఒకటి జరిగింది. స్నానఘట్టం ఒక చోట, ప్రేక్షాగారం ఇంకొక చోట, నడుమ నీళ్ళు. అప్పాల అంగడి ఎక్కడా లేదు. అనుపులో దానిని చూసినవారికి అది అడవిలో ఒంటరిగా కట్టిన ఏదో వింతకట్టడంలా తోస్తుంది. పక్కనున్న విహారపు గదులను చూపి ఇది ఆచార్య నాగార్జునుడు పాఠం చెప్పిన విశ్వవిద్యాలయం, ఈ మెట్లమీద శిష్యులు కూర్చునేవారు అని చెప్పేవారిని నా చెవులతో విన్నాను. మాధ్యమిక దర్శనకర్త నాగార్జునుని పేరు ఇక్కడ దొరికిన ఇక్ష్వాకుల శాసనాలలో లేదు. ఆనాడు ఈ కొండల పేరు శ్రీపర్వతం. చుట్టూ పట్టణం లేకపోతే ఆటస్థలం బడి అయిపోతుంది, రేపు ఇంకేదో అవుతుంది. విద్యార్థులను తీసుకుపోయినప్పుడల్లా నేను ఒకరిని రంగం నడుమ నిలబెట్టి పోతన పద్యం చదివించేవాడిని. పై మెట్టు మీది పిల్లలకు అక్షరం అక్షరం వినబడేది. వెంటనే ఇద్దరు మగపిల్లలు కిందికి ఉరికి కుస్తీ పట్టేవారు. ఎవరూ చెప్పకుండానే. ఆ స్థలానికి ఏమి కావాలో వారికి తెలిసినంత స్పష్టంగా పుస్తకాలకు తెలియదు.

ఈ కాలపు కట్టడాలను చూసినప్పుడు తేడా ఎక్కడో తెలుస్తుంది. హైదరాబాదులో ఫతేమైదాన్, 1967 నుండి లాల్ బహదూర్ స్టేడియం (మా కాలువకూ దానికీ ఒకే పేరు), ఊరి నడిబొడ్డున ఉన్నది. దాని గోడ బయటివైపు దుకాణాలు వెలిశాయి. ఆట లేకున్నా అక్కడ సందడే. ఎవరూ దానికి వినోదమండలం అని పేరు పెట్టలేదు. గచ్చిబౌలిలో క్రీడాగ్రామం ఊరికి దూరంగా కట్టారు; తరువాత ఊరే దాని దగ్గరికి వచ్చింది. అందులోని బహుళ అంతస్తుల భవనం 2020లో కరోనా రోగులకు ఆసుపత్రి అయినది. మంచి పనికే వచ్చింది, కానీ కట్టినవారు తలచిన పని అది కాదు. అమరావతి ప్రణాళికలో తొమ్మిది నగరాలలో ఒకటి క్రీడానగరమని గీశారు. అక్కడ పటంలో ఆట ఒక చోట, చదువు ఒక చోట, న్యాయం ఒక చోట. విజయపురిలో అవన్నీ నడిచిపోయే దూరంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. ముందు ఘట్టం, గుడి, అంగడి. ఆ నడుమ ఖాళీగా ఉన్న గుట్టవాలున ప్రేక్షాగారం. ఈనాటివారు ముందు ప్రేక్షాగారం కట్టి, దాని చుట్టూ పట్టణాన్ని పిలుస్తున్నారు. పిలిస్తే వచ్చేది దుకాణం, అందులో సందేహం లేదు. తమలపాకులవాడు మాత్రం ఆ అద్దె కట్టలేడు. అతని సంఘం దగ్గర సొమ్ము దాచుకొన్న కాలం వేరు.

అనుపు చూడబోయేవారికి ఒక సూచన. ముందు విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి ద్వీపానికి పొండి. అక్కడి మ్యూజియంలో శిల్పాల గదులు దాటిన తరువాత మునిగిన లోయ నమూనా ఒకటి ఉన్నది. చాలామంది దానిని ఒక్క చూపు చూసి బయటికి పోతారు. అక్కడ ఆగి, కోటను, ఘట్టాన్ని, హారీతి గుట్టను వెదికి పట్టుకొని, వాటి మధ్య దారి ఎలా పోయేదో చూసుకొండి. తరువాత అనుపు మెట్లమీద కూర్చున్నప్పుడు ఘట్టం ఏ వైపున ఉండేదో మీకు తెలిసి ఉంటుంది. ద్వీపం నుండి తిరుగు లాంచీ సాయంత్రానికి ఆగిపోతుంది, వేళ చూసుకోవాలి. తినడానికి ఏదైనా వెంట తీసుకుపోవడం మంచిది.